మూడో తరగతిలోనే అడగండి

కోలారు జిల్లా పంచాయత్ ముఖ్య కార్యనిర్వహణాధికారి గారికి,

మాలూరు తాలూకా మాస్తి హోబళి నుంచి రాస్తున్నాను.

ఈ ఉత్తరం విద్యాశాఖకు రాయొచ్చు, బ్యాంకుకు రాయొచ్చు. మీకే రాయడానికి కారణం ఉంది. జిల్లాలోని సర్కారు బడులు మీ పర్యవేక్షణలో నడుస్తాయి. ‘సంజీవిని’ కింద ఉన్న మహిళా సంఘాల సంగతులూ, పంచాయతీ ఒక్కూటాల, అంటే సంఘాల సమాఖ్యల, సంగతులూ మీ దగ్గరికే వస్తాయి. పంచాయతీ లైబ్రరీలు, ఇప్పుడు అరివు కేంద్రాలంటున్నాం, అవీ మీ కిందివే. మూడో తరగతిలో చదవలేక కూర్చున్న పిల్ల కాగితం ఒక గదిలో ఉంటుంది. ఇరవై ఏళ్ల తర్వాత సంఘంలో అప్పు అడిగిన ఆడమనిషి కాగితం ఇంకో గదిలో ఉంటుంది. ఇద్దరూ ఒకరేనని ఆ రెండు గదుల్లో ఎవరికీ తెలియదు. రెండు గదుల తాళాలూ ఉన్నది మీ దగ్గర.

నాకు డిస్‌లెక్సియా ఉంది. ఈ ఉత్తరాన్ని ఫోనుకు నోటితో చెప్పి రాయించాను. చెల్లెలి కూతురు కూర్చుని ఒత్తులూ దీర్ఘాలూ సరిచేసింది. చదివి వినిపించింది, నేను మళ్లీ మార్పించాను. ఇందులో మాటలన్నీ నావే.

మా ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. తమిళనాడు సరిహద్దు దగ్గరే కాబట్టి సంతలో తమిళమూ వినిపిస్తుంది. మాటకు నాకెప్పుడూ ఇబ్బంది లేదు. మూడు భాషల్లోనూ బేరమాడగలను. అక్షరాలు కూడా రాకపోలేదు. ఒక్కొక్కటీ విడిగా చూపిస్తే చెప్పేదాన్ని. అవి పక్కపక్కన చేరితేనే కష్టం. ప ఏది, వ ఏది, ష ఏది అని తేల్చుకునేలోగా పక్కనున్న పిల్ల వాక్యం ముగించేసేది. ఒత్తు ఏ అక్షరం కిందిదో పట్టుకునేసరికి అంతకు ముందు చదివింది మనసులోంచి జారిపోయేది. కళ్లు చూపించుకుని వచ్చాం, బాగున్నాయన్నారు. మేష్టరు కథ చెబితే పూసగుచ్చినట్టు తిరిగి చెప్పేదాన్ని, అదే కథ పుస్తకంలో చూపిస్తే నోరు పెగిలేది కాదు. పొద్దున కథ చెప్పిన పిల్ల మధ్యాహ్నం చదవలేకపోతే, కావాలనే చదవట్లేదని అనుకున్నారు. కొట్టారు. తర్వాత కొట్టడం మానేసి వెనక బెంచీలో కూర్చోబెట్టారు. ‘దీనికి చదువు అబ్బలేదు’ అని ఇంట్లోనూ అనుకున్నారు. ఎస్‌ఎస్‌ఎల్‌సి దాటలేదు.

అప్పట్లో చట్టం కూడా మావైపు లేదు. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఏడు వైకల్యాల పేర్లున్నాయి, అందులో డిస్‌లెక్సియా లేదు. 2016 చట్టం వైకల్యాలను 21కి పెంచింది. చదవడం, రాయడం, లెక్క చేయడంలో వచ్చే ఇబ్బందులను ‘నిర్దిష్ట అభ్యసన వైకల్యం’ పేరుతో అందులో చేర్చింది. ఆ చట్టం 16వ సెక్షన్, పిల్లల్లో ఈ ఇబ్బందిని వీలైనంత త్వరగా గుర్తించి, తగిన బోధన అందించాలని చెబుతుంది. ఎవరు గుర్తించాలో, ఎప్పుడు గుర్తించాలో 2018లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉంది: మూడో తరగతిలో గానీ, ఎనిమిదేళ్ల వయసులో గానీ, ఏది ముందైతే అప్పుడు బడి టీచరే తొలి పరిశీలన చేయాలి. ఆ తర్వాతే డాక్టరు, మనస్తత్వ నిపుణుడు, బెంగళూరులోని నిమ్హాన్స్ తయారుచేసిన పరీక్ష. నేను అడిగేవాటిలో మొదటిది ఇదే, కొత్తదేమీ కాదు. మాస్తి హోబళిలో ప్రతి సర్కారు బడిలోనూ మూడో తరగతి పిల్లలకు ఈ తొలి పరిశీలన జరగాలి. జరిగిందో లేదో మీరు అడగాలి. మీరు అడిగితే మాలూరులో అడుగుతారు. మాలూరులో అడిగితే బడిలో చేస్తారు.

చేసేటప్పుడు మా నేలకున్న ప్రత్యేకత ఒకటి గుర్తుపెట్టుకోవాలి.

మాస్తి అనగానే కర్ణాటకలో అందరికీ గుర్తొచ్చేది మాస్తి వెంకటేశ అయ్యంగారు. ఇంట్లో తమిళం మాట్లాడే కుటుంబంలో పుట్టి, 1983 జ్ఞానపీఠాన్ని కన్నడానికి తెచ్చినవారు. ఇంటి భాష వేరైనంత మాత్రాన చదువు ఆగదని మా ఊరికి ఎవరూ చెప్పక్కర్లేదు. అయినా మా పిల్లలు చదవలేకపోతే మొదట వినిపించే జవాబు అదే: ‘ఇంట్లో తెలుగు కదా, అందుకే కన్నడం రావట్లేదు.’ కొందరి విషయంలో అది నిజం కూడా. ఆ పిల్లలకు భాష అలవాటైతే చదువు దారిన పడుతుంది. నాలాంటి పిల్లకు మాత్రం ఆ జవాబు పదేళ్లను మింగేస్తుంది. దీనికి ఎదురు తప్పు కూడా జరగొచ్చు. కన్నడం ఇంకా పట్టుబడని తెలుగు పిల్లను కన్నడంలో మాత్రమే పరీక్షించి, లేని వైకల్యం అంటగట్టొచ్చు.

మన లిపులు పిల్లలకు త్వరగా లొంగేవి కావు. బెంగళూరులో పనిచేసిన పరిశోధకురాలు సోనాలీ నాగ్, కన్నడ అక్షరాలు పిల్లలకు ఎలా పట్టుబడతాయో దగ్గరుండి చూసి 2007లో అచ్చువేశారు. గుణింతాలు, ఒత్తులతో కలిసి అక్షరాలు వందల్లో ఉంటాయి కాబట్టి వాటి మీద పట్టు రావడానికి నాలుగో తరగతి దాకా, కొందరికి ఇంకా ఎక్కువ పడుతుందని ఆమె తేల్చారు. ఇంగ్లీషు పిల్లల కోసం రాసిన కొలత మనకు సరిపోదు. మనేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రం వాళ్లు 2015లో భారతీయ భాషల్లో డిస్‌లెక్సియా పరీక్ష తెచ్చారు. అది మొదట వచ్చింది హిందీ, మరాఠీ, కన్నడం, ఇంగ్లీషుల్లో. కన్నడం ఉండటం మన అదృష్టం. అయితే ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లను కనీసం మాట వరకైనా తెలుగులోనూ పరీక్షించాలి: కథ విని తిరిగి చెప్పమనడం, మాటలోని ధ్వనులు విడదీయమనడం, రంగులూ వస్తువులూ చూపించి గబగబా పేర్లు చెప్పమనడం. ఇందుకు పుస్తకం అక్కర్లేదు, తెలుగు మాట్లాడే టీచరు ఉంటే చాలు. కోలారు జిల్లాలో తెలుగు మాట్లాడే టీచర్లకు కొదవా సార్? ప్రతి తాలూకాలోనూ సమ్మిళిత విద్య కోసం బిఐఇఆర్‌టి టీచర్లున్నారు. అలాంటి ఒక మేడం మా బంధువుల పిల్లవాణ్ని చూడటానికి వచ్చి అడిగిన ప్రశ్నలు పక్కన కూర్చుని విన్నాను. ఒక్కొక్కటీ నన్నే అడిగినట్టు అనిపించింది. నాకున్నదానికి ఒక పేరుందని అలా తెలిసింది. పెళ్లయి పిల్లలు పుట్టాక.

ఆ మధ్య కాలంలో నేనేం చేశానో చెప్తాను. నేను అడిగేవాటికి దానితో సంబంధం ఉంది.

బడి వదిలాక గార్మెంట్స్‌కు వెళ్లాను. 2001 ఫిబ్రవరి 28న కేజీఎఫ్ గనులు మూతపడ్డాక మారికుప్పం నుంచి బెంగళూరు వెళ్లే రైళ్లలో జనం ఎలా కిక్కిరిసేవాళ్లో ఈ జిల్లాకు తెలుసు. మాలూరులో నేనెక్కేసరికి కాలు మోపే చోటుండేది కాదు. ఫ్యాక్టరీలో మాత్రం నా జీవితంలో మొదటిసారి నన్ను ఎవరూ మొద్దనలేదు. అక్కడ పని కాగితం మీద నేర్పరు. కాలరు ఎలా తిప్పాలో ఒకసారి చేసి చూపిస్తారు, ముందు ఒక శాంపిల్ పీసు పెడతారు, అంతే. చూసి నేర్చుకోవడంలో నేను ఎవరికీ తీసిపోలేదు. కొత్తగా చేరిన పిల్లలకు పని నేర్పమని నా పక్కనే కూర్చోబెట్టేవాళ్లు. ఎవరు ఎక్కడ తడబడతారో నాకు ముందే తెలిసేది.

పెళ్లయి మాస్తి పక్క పల్లెకు వచ్చాక సంఘంలో చేరాను. సంఘాల చరిత్రలో మన జిల్లాకు పెద్ద చోటుంది. 1980ల నడుమ మైరాడా సంస్థ పనిచేసిన చోట్లలో పెద్ద సహకార సంఘాలు చెడిపోతే, ఒకరినొకరు నమ్మే చిన్న చిన్న గుంపులు వాటిలోంచి పుట్టాయి. ఆ సంస్థ పనిచేసిన ప్రాంతాల్లో బంగారుపేట తాలూకా కామసముద్రం ఒకటి. ఆ అనుభవం మీదే నాబార్డు 1992లో 500 సంఘాలతో బ్యాంకు లింకేజీ మొదలుపెట్టింది. ఇప్పుడు దేశమంతా ఉన్నది ఆ పద్ధతే.

సంఘానికి పంచసూత్రాలున్నాయి, మీకు తెలిసినవే: సమావేశం తప్పకుండా జరగాలి, పొదుపు తప్పకూడదు, లోపల్లోపల అప్పులివ్వాలి, అప్పు వేళకు తీరాలి, పుస్తకాలు సరిగ్గా రాయాలి. ఐదింటిలో నాలుగు అక్షరం ముక్క రాకపోయినా చేయగలిగేవే. మనుషుల్ని పోగేయడం, మాట నిలబెట్టుకోవడం, ఎవరి కష్టం నిజమో పసిగట్టడం, మొహమాటం లేకుండా బాకీ అడగడం. వీటిలో దిట్టలైన ఆడవాళ్లు మా పల్లెల్లో కావలసినంత మంది ఉన్నారు. అయినా అధ్యక్షురాలు ఎవరు, కార్యదర్శి ఎవరు, ట్రైనింగుకు ఎవరిని పంపాలి అన్నప్పుడు మాత్రం ఐదో సూత్రం ముందుకొస్తుంది. పుస్తకం రాయగలిగినామెకే కుర్చీ. మిగతావాళ్లు ఆమె వెనక నిలబడి వేలిముద్ర వేస్తారు. చదువుకున్న ఆడపిల్లల మీద నాకు కోపం లేదు, వాళ్లు లేకపోతే ఏ సంఘమూ నిలవదు. రాయడం ఒక పని, నడిపించడం ఇంకో పని. రెండూ ఒకే మనిషికి రావాలన్న నియమం ఎక్కడిది?

మా గుంపు రాగిమాల్టు చేస్తుంది. రాగులు నానబెట్టి, గుడ్డలో మూటగట్టి, మొలకలొచ్చాక నీడన ఆరబెట్టి, దోరగా వేయించి, మరపట్టించి, జల్లించి ప్యాకెట్లు కడతాం. వేరుశెనక్కాయల పొడి, నువ్వుల పొడి కూడా ఉన్నాయి. మా గుంపులో చాలామంది బడి ముఖం చూడనివాళ్లు, కొందరు నాలాగా చూసి వెనక్కి వచ్చినవాళ్లు. ఏ మూట ఏ రోజుదో తెలియడానికి వారంలో రోజుకో రంగు దారం. సోమవారం ఎరుపు, మంగళవారం పసుపు, అలా. వేయించిన రంగు సరిపోయిందా అని చూడటానికి గోడకు ఒక చిన్న గాజుసీసా వేలాడుతుంది, అందులో సరిగ్గా వేగిన రాగులుంటాయి. గార్మెంట్స్‌లో చూసిన శాంపిల్ పీసు పద్ధతే అది. కొత్త ఆమె వచ్చినా మూకుడులోంచి చారెడు తీసి సీసా పక్కన పెట్టి చూస్తుంది.

లెక్కల సంగతి ఇంకా బాగుంటుంది. మాలో పెద్దావిడ ఒకరున్నారు, అందరం పిన్నమ్మ అంటాం. ఎవరు ఎన్ని శేర్లు జల్లించారు, ఎవరికెంత రావాలి, ఎవరు పోయిన వారం అడ్వాన్సు తీసుకున్నారు, అన్నీ వరసపెట్టి చెప్తుంది. ఆమె సభలో గట్టిగా చెప్తుంటే ఫోనులో రికార్డు చేస్తాం. ఎవరైనా ‘అది కాదు పిన్నమ్మా’ అనాలంటే అక్కడే అనాలి. ఆ తర్వాత రాయగలిగిన అమ్మాయి విని పుస్తకంలోకి ఎక్కిస్తుంది, ఒక్కొక్కరి పేరు పక్కన ఆమె ఎంచుకున్న గుర్తు వేస్తుంది. ఒకరిది కొడవలి, ఒకరిది మల్లెమొగ్గ. పుస్తకం తెరిస్తే ఎవరి వరస ఎక్కడుందో వాళ్లే వేలు పెట్టి చూపిస్తారు. తగువులు తగ్గాయి. ముందు పుస్తకం రాసే ఒక్క మనిషికే తెలిసిన లెక్క ఇప్పుడు అందరి చెవుల్లో పడుతుంది.

ఇలాంటి సర్దుబాట్లు నేనే కనిపెట్టానని చెప్పుకోను. హైదరాబాదులో 2018లో తెరిచిన ఐకియా దుకాణంలో ప్రతి బల్లకూ కుర్చీకీ ఒక వింత పేరుంటుంది. ఆ కంపెనీ పెట్టిన ఇంగ్వార్ కంప్రాడ్‌కు డిస్‌లెక్సియా. సరుకుల నంబర్లు తికమక పెడుతుంటే ఒక్కోదానికీ పేరు పెట్టుకున్నాడు. తనకు అవసరమైన సర్దుబాటును కంపెనీ పద్ధతిగా మార్చేశాడు. ఇంకా దగ్గరి ఉదాహరణ కావాలంటే జహీరాబాద్ వైపు చూడండి. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత రైతు మహిళలు, చాలామందికి అక్షరాలు రావు, కెమెరాలు పట్టి సినిమాలు తీశారు. 2008 నుంచి మాచ్‌నూరులో సొంత రేడియో నడిపారు. కెమెరా కోణాలకు ఇంగ్లీషు పేర్లు నోరు తిరగక వాళ్లే పేర్లు పెట్టుకున్నారు. పై నుంచి కిందికి చూస్తే పటేల్ షాట్. కళ్లకు కళ్లు సమానంగా ఉంటే సంఘం షాట్. వాళ్లకు ఏ అధికారి పరీక్ష పెట్టి పాస్ చేయలేదు. నేర్పేవాళ్లు నేర్పే తీరు మార్చుకున్నారు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. బడి లేక చదువు రానివాళ్లూ, బడికి వెళ్లినా చదవలేనివాళ్లూ ఒకటి కాదు. మొదటివాళ్లకు వయోజన విద్య చాలు. రెండోవాళ్లను అదే క్లాసులో కూర్చోబెడితే రెండోసారి ఓడిపోతారు, ఈసారి అందరి ముందూ. బయటికి ఇద్దరూ ఒకేలా కనిపిస్తారు. అందుకే మా సంఘాల్లో ఎంతమందికి నాలాంటి ఇబ్బంది ఉందో ఎవరికీ తెలియదు. ‘ఎన్నిసార్లు నేర్పినా రాలేదు’ అని సిగ్గుపడుతూ చెప్పే అక్కయ్యలు ప్రతి సంఘంలోనూ ఒకరిద్దరు ఉన్నారు. వాళ్లను చూసినప్పుడల్లా నాకు కడుపులో దేవినట్టవుతుంది.

డిస్‌లెక్సియా ఒక వరం అని ఈమధ్య కొందరు చెబుతున్నారు. లండన్‌లోని కాస్ బిజినెస్ స్కూల్‌లో జూలీ లోగన్ 2007లో చేసిన సర్వేలో, అమెరికాలో ప్రశ్నలకు జవాబిచ్చిన చిన్న వ్యాపారుల్లో 35 శాతం మంది తమకు డిస్‌లెక్సియా ఉందన్నారు. వినడానికి ధైర్యంగా ఉంటుంది. పని పంచడం, మాటతో ఒప్పించడం మాకు చిన్నప్పుడే అలవాటవుతాయని ఆమె చెప్పినది నా అనుభవానికి దగ్గరగానే ఉంది. అయినా వరమన్న మాట నేను ఒప్పుకోను. ఆ లెక్కలోకి వచ్చింది నిలదొక్కుకున్నవాళ్లే. నాతోపాటు వెనక బెంచీలో కూర్చున్నవాళ్లలో కొందరు ఇటుక బట్టీల్లో ఉన్నారు, కొందరు పదహారేళ్లకే పెళ్లయి వెళ్లిపోయారు. వాళ్లనెవరూ సర్వే చేయలేదు. నేను నిలబడ్డానంటే ఫ్యాక్టరీలో చూపించి నేర్పిన ఒక సూపర్‌వైజరు అక్క, నన్ను నమ్మి డబ్బు చేతిలో పెట్టిన సంఘం, తప్పుల్ని నవ్వకుండా సరిచేసిన చెల్లెలి కూతురు ఉన్నారు కాబట్టి. ఇన్ని కలిసొస్తేనే ఒక ఆడపిల్ల బయటపడాలంటే అది పద్ధతి కాదు సార్.

వ్యాపారం కాస్త పెరగగానే మళ్లీ బడి గేటే ఎదురవుతుంది. పిఎంఇజిపి రుణ పథకం కింద తయారీలో 10 లక్షలు, సేవల్లో 5 లక్షలు దాటిన ప్రాజెక్టుకు ఎనిమిదో తరగతి పాసై ఉండాలి. అది కేంద్రం నియమం, మీ చేతిలో లేదని తెలుసు. మీ చేతిలో ఉన్నవే అడుగుతున్నాను. ఆహారం అమ్మేవాళ్ల ట్రైనింగులో రోజంతా తెర మీద అక్షరాలు నడుస్తాయి, సాయంత్రం చేతికి ఒక పుస్తకం వస్తుంది. అదే ట్రైనింగు సగం రోజు మూకుడు ముందు, త్రాసు ముందు, ప్యాకెట్ మూసే యంత్రం ముందు జరిగితే నాలాంటివాళ్లతో పాటు అందరికీ బాగా వస్తుంది. లేబుల్ మీద తయారీ తేదీ, బ్యాచ్ నంబరు ఎక్కడ వేయాలో ఖాళీ ప్యాకెట్ ఇచ్చి వేయించండి. ఒక్కూటా నుంచి వచ్చే ప్రతి సర్క్యులరునూ ఎవరో ఒకరు చదివి, కన్నడంలోనూ తెలుగులోనూ, వాయిస్ మెసేజ్ చేసి సంఘాల గ్రూపుల్లో పెట్టాలని ఒక్క ఉత్తర్వు ఇవ్వండి. దానికి బడ్జెట్ అక్కర్లేదు. అప్పు కాగితం మీద సంతకం చేసే ముందు దాన్ని సభలో చదివి వినిపించి, ఆ చదవడాన్ని రికార్డు చేయాలని కూడా రాయండి. సంఘం పదవులకు అక్షరాలు రావాలని ఎక్కడైనా అలవాటుగా అడుగుతుంటే, అది నియమం కాదని మీ సంతకంతో చెప్పండి. పుస్తకం రాసే పని వేరే సభ్యురాలికి ఇవ్వొచ్చని చెప్పండి.

అరివు కేంద్రాల గురించి కూడా. ‘ఓదువ బెళకు’ పేరుతో పిల్లలకు అక్కడ ఉచిత సభ్యత్వం ఇచ్చారు, మా పిల్లలు వెళ్తున్నారు. అక్కడ కంప్యూటరు ఉన్నచోట నాలుగు ఇయర్‌ఫోన్లు పెట్టించి, పాఠాలు వినే వీలు కల్పించండి. కళ్లు వరసను వెతుక్కుంటూ వెళ్లేటప్పుడు చెవిలో అదే వాక్యం వినిపిస్తే ఎంత తేడానో నాకు తెలుసు. ఇప్పుడు నేను పేపర్ హెడ్డింగులు అలాగే చదువుతున్నాను. బడి పిల్లలకు సాయంత్రం, ఆడవాళ్లకు మధ్యాహ్నం అని వేళలు పెడితే ఎవరికీ నామోషీ ఉండదు.

పరీక్షల్లో ఇప్పటికే వెసులుబాట్లున్నాయి. ఎస్‌ఎస్‌ఎల్‌సిలో ఇలాంటి పిల్లలకు అదనపు సమయం ఇస్తారు, రాయడానికి సహాయకుణ్ని ఇస్తారు. కావలసింది సర్టిఫికెట్. దానికోసం నిమ్హాన్స్‌కు వెళ్లాలంటే మాస్తి నుంచి మాలూరుకు, మాలూరు నుంచి బెంగళూరుకు, అక్కడ చీటీకి నిలబడాలి. ఒకసారికి తేలదు. కూలికి వెళ్లే తల్లికి అన్ని రోజుల కూలి పోతుంది. 2023 జూన్ నుంచి ఆడవాళ్లకు సర్కారు బస్సులో ఛార్జీ లేదు, అది పెద్ద మేలే. కానీ కూలి పోవడం ఆగలేదు. ఏడాదికి ఒకటి రెండుసార్లయినా ఆ నిపుణులు మాలూరు తాలూకా ఆసుపత్రికే వచ్చి కూర్చునేలా చేయగలిగితే, తొమ్మిదో తరగతిలో ఉన్న పిల్లలకు ఇంకా సమయం మించిపోలేదు. వాళ్లతోనే మొదలుపెట్టమని నా మనవి. మూడో తరగతి పిల్లకు ఇంకా ఆరేళ్ల సమయం ఉంది. తొమ్మిదిలో ఉన్న పిల్లకు వచ్చే మార్చి వరకే బడి మిగిలి ఉంది, పదికి పంపాలా వద్దా అని ఇంట్లో ఇప్పటికే మాట్లాడుకుంటూ ఉంటారు.

ఆ ఇళ్లకు వెళ్లి మాట్లాడే పని మా సంఘం తీసుకుంటుంది. తల్లులకు మా మాట అర్థమవుతుంది, ఎందుకంటే వాళ్లలో కొందరు అదే బెంచీ నుంచి వచ్చినవాళ్లు. ఏ పిల్ల చదవలేక మానేసిందో, ఏ పిల్ల మానేయబోతోందో వీధి వీధినా మాకు తెలుసు. బడి నుంచి ఒక టీచరును, తాలూకా నుంచి ఆ బిఐఇఆర్‌టి మేడంను మాతో కలపండి. మాస్తి హోబళిలో ఈ పని ఎలా చేయాలో చూపిస్తాం. బాగుంటే మిగతా హోబళులకూ ఆర్డరు ఇవ్వండి. బాగలేకపోతే ఎక్కడ బాగలేదో మా సభకే వచ్చి చెప్పండి. మా సభ రాగులు ఆరబెట్టే ఇంటి ముందరే, మాట్లాడేదంతా రికార్డవుతుంది, మీ మాట కూడా.

ఇట్లు,
మాస్తి హోబళి మహిళా సంఘం సభ్యురాలు